ముక్కు కాలి పిన్ను

ఆదోని,
సెప్టెంబరు 7.

ఉచ్చీరప్ప తాతకు,

ఈశ్వరి నమస్కారాలు. మా హాస్టల్‌లో ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు ఉత్తరాలకని వదిలేస్తారు. మిగతా అమ్మాయిలు ఆ రెండు గంటల్లో బట్టలు ఉతుక్కుంటారు, జడలు వేసుకుంటారు, నిద్రపోతారు. నేను మాత్రం కాగితాలు పరుచుకుని కూర్చుంటాను. ఫోన్లు గేటు లోపలికి రానివ్వరని చేరిన రోజు ఏడ్చాను కానీ ఇప్పుడు ఆ ఏడుపు లేదు. ఫోన్‌లో అయితే ‘తిన్నావా’ అంటే ‘తిన్నా’ అని పెట్టేస్తాం. కాగితం మీద రెండు మాటలు రాసి పంపాలంటే సిగ్గుగా ఉంటుంది. ఇంకో వాక్యం రాయాలి, దానికి తోడుగా మరొకటి రాయాలి. తీరా చూస్తే మనసులో ఉన్నదంతా బయటికి వచ్చేస్తుంది.

వేసవి సెలవులన్నీ మీ విమానం దగ్గర గడిపానేమో, ఇక్కడ ఇంటర్ పుస్తకాల ముందు కూర్చుంటే చేతులు ఊరికే ఉండడం లేదు. ఎమ్మిగనూరు జిన్నింగ్ మిల్లు షెడ్డులో ఒక యుద్ధ విమానం ఉందని, దానికి మా తాతే పెద్ద మేస్త్రీ అని చెబితే గదిలో ఎవరూ నమ్మలేదు. "ఆడ పత్తి తప్ప ఇంకేముంటాది మే" అని నవ్వారు. నేను మొదటి నుంచీ చెప్పాను. మా అమ్మకు చిన్నాయన ఇరవై ఆరేళ్ళు వాయుసేనలో విమానాల కింద పడుకుని పనిచేశాడని, రిటైరై వచ్చాక ఊళ్ళో పెట్టుకున్న విమానాల మ్యూజియానికి ఎగరడం మానేసిన విమానాలు రెండు లారీల మీద ముక్కలుగా వచ్చాయని, చిన్నదాన్ని నిరుడే బాగుచేసి మైదానంలో నిలబెట్టారని, పెద్దది ఇంకా షెడ్డులో ఉందని. లారీలకు రేకుపని చేసే బడే సాబ్ తాత దాని ఒంటికి అతుకులు వేస్తాడు, మగ్గం నేసే వనజత్త దాని సీటుకు గుడ్డ కుడుతుంది, ఎవరూ కూలి అడగరు అని చెప్పాను. ముస్రత్ ఒక్కతే నమ్మింది. ఆమెది ఆదోనే. రోజూ వాళ్ళన్న అర్షద్ బండి మీద కాలేజీకి వచ్చి సాయంత్రం ఇంటికి పోతుంది.

నువ్వు నాకు ఒప్పగించిన మ్యూజియం బోర్డుల్లో ఆరు రాశాను. ఇంతకుముందు మాటలంటే మార్కుల కోసం రాసేవి అనుకునేదాన్ని. ఇప్పుడు ఒక్కో మాటా చేతిలోకి తీసుకుని బరువు చూస్తున్నాను. ‘తుప్పు’ అని రాసేటప్పుడు కలం కూడా అక్కడ కాస్త అంటుకుపోయినట్టు ఉంటుంది. ఏడో బోర్డు ఆ మూడు ఎర్ర గుడ్డల పిన్నుల గురించి. అవి ఏం చేస్తాయో నాకు మళ్ళీ వివరంగా చెప్పు. బడిపిల్లలకు అర్థమయ్యేటట్టు రాయాలి.

నీ మనవరాలు,
ఈశ్వరి


ఎమ్మిగనూరు,
సెప్టెంబరు 15.

అమ్మా ఈశ్వరీ,

ఆశీర్వాదాలు. అక్షరాలు పెద్దగా ఉన్నాయని నవ్వొద్దు, కొత్త పెన్ను లావుగా పడతాంది.

పిన్నుల సంగతి అడిగినావు. విమానానికి కాళ్ళు మూడు. రెక్కల కింద రెండు, ముక్కు కింద ఒకటి. గాల్లోకి లేస్తూనే మూడూ మడుచుకుని కడుపులోకి పోతాయి. నేల మీద ఉన్నప్పుడు పొరపాటున మడుచుకోకుండా ఒక్కో కాలికి ఒక ఉక్కు పిన్ను గుచ్చుతాం. బొటనవేలంత లావు, బెత్తెడు పొడవు. కొసన ఉంగరం, ఉంగరానికి ఎర్ర గుడ్డ. దూరం నుంచి చూసినా పిన్ను ఉందని తెలియాలని ఆ గుడ్డ.

మన విమానానికి ఇంకో సంగతి ఉంది. ముక్కు కాలి లోపల ఒక కొండీ ఉంటుంది. కాలు కిందికి దిగినాక అది తనంతట తాను పట్టుకుంటుంది. మనం జూన్‌లో విప్పి చూస్తే తుప్పు పట్టి చేతిలోనే రెండు ముక్కలయింది. దానికి మారు యాడా దొరకదు. అందుకే ముక్కు కింద చెక్క దిమ్మె పెట్టి బరువంతా దాని మీద మోపినాం. విమానాన్ని షెడ్డు నుంచి మైదానానికి లాగే రోజు దిమ్మె తీయాల. తీసిన క్షణం నుంచి ఆ కాలిని నిలబెట్టేది ఆ పిన్ను ఒక్కటే. దిమ్మె తీసేది బడే సాబ్. కింద పడుకొని తీయాల. కాలు మడుచుకుంటే ముక్కు బరువంతా మనిషి మీదికి వస్తుంది. నీ బోర్డులో ఇంత భయం రాయొద్దు, పిల్లలు ఏడుస్తారు.

మన పద్ధతులు నీకు తెలుసు. జేబులు కుట్టేసిన చొక్కాలు, ఫోన్లు గేటు కాడ గంపలో, సాయంత్రం ప్రతి సామానూ లెక్కపెట్టి రిజిస్టరులో సంతకం. లెక్క తేలకపోతే ఎవరూ ఇంటికి పోకూడదు. ఇరవై ఆరేళ్ళలో నా లెక్కలో ఒక్క స్క్రూ పోలేదు. ఇప్పుడు మ్యూజియం కమిటీ పెద్ద జయన్న నా వెంట పడినాడు. "మీరు పెద్దోళ్ళయినారు సార్, ఇంక విశ్రాంతి తీసుకోండి, బయట నుంచి కంపెనీ వాళ్ళను పిలుస్తాం" అంటాడు. ఏదైనా ఒకటి పోగొడితే చాలు, నన్ను గేటు బయట నిలబెట్టాలని చూస్తాన్నాడు. అందుకని నువ్వు దసరా సెలవులకు వచ్చినప్పుడు రిజిస్టరు నువ్వే రాయి. నీ రాత ముత్యాల మాదిరి ఉంటుంది. నేను సంతకం పెడతా.

ఉచ్చీరప్ప


ఆదోని,
అక్టోబరు 6.
(ఈ ఉత్తరం పోస్టు చేయలేదు.)

తాతా,

ఈ రోజు పొద్దున పెట్టె సర్దుతుంటే కుంకుమ డబ్బా బరువుగా తగిలింది. మూత తీస్తే పసుపు గుడ్డ. గుడ్డ విప్పితే ముక్కు కాలి పిన్ను.

ఎట్లా వచ్చిందో రాస్తాను. ఆయుధ పూజ రోజు సుత్తులు, స్పానర్లు, రంపాలు, బడే సాబ్ తాత రేకు కత్తెరలు అన్నీ వనజత్త నేసిన తెల్ల పంచె మీద వరసగా పేర్చి బొట్లు పెట్టాను. అన్నిటికీ పెట్టి, విమానాన్ని నిలబెట్టే పిన్నులకు పెట్టకపోతే ఎట్లా అనిపించింది. పాత గుడ్డలు వెలిసిపోయాయని వనజత్త మూడు కొత్త ఎర్ర గుడ్డలు కుట్టి ఇచ్చింది. రెక్కల కింది పిన్నులు నా చేతికి కదల్లేదు. వాటికి అక్కడే బొట్టు పెట్టి గుడ్డలు కట్టాను. ముక్కు కాలిది మాత్రం మెత్తగా వచ్చేసింది. దాన్ని తెచ్చి సుత్తుల పక్కన పెట్టాను. దాని చోటు బోసిగా కనిపిస్తుందని మూడో గుడ్డను ఊరికే కాలికి కట్టాను. కొబ్బరికాయ కొట్టాక, ఎవరి కాలికైనా తగిలి పోతుందేమోనని పిన్నుకు పసుపు గుడ్డ చుట్టి నా డబ్బాలో భద్రంగా పెట్టాను. భద్రంగా అని రాయడానికి ఇప్పుడు చెయ్యి రావడం లేదు. ఆ తర్వాత బొరుగులు పంచమని వనజత్త పిలిచింది. అంతే, మరిచిపోయాను.

సాయంత్రం లెక్క నేనే రాశాను. మూడు ఎర్ర గుడ్డలు కనిపించాయి. ‘పిన్నులు, మూడు’ అని రాశాను. నువ్వు సంతకం పెట్టావు. ఆ తర్వాత మూడు సాయంత్రాలూ అట్లాగే.

ఇది పోస్టు చేస్తే నువ్వు దాచవు. దాచే మనిషివి కావు. నువ్వే జయన్న సార్ దగ్గరికి పోయి రిజిస్టరు చూపిస్తావు. ఆయన ఇన్నాళ్ళూ ఎదురుచూసింది ఆ పేజీ కోసమే. ఆ పేజీలో ఉన్నది నా రాత.

విమానం లాగేది నవంబరు పదిన అన్నావు. తొమ్మిది రెండో ఆదివారం, మమ్మల్ని ఇంటికి పంపుతారు. నేనే వచ్చి, ఎవరూ చూడకుండా గుచ్చేస్తాను. అప్పటిదాకా దిమ్మె ఉంది. దిమ్మె ఉన్నన్ని రోజులూ ఎవరికీ ఏమీ కాదు.

ఈ కాగితం పిన్నుతో పాటు డబ్బాలో దాస్తున్నాను.

ఈశ్వరి


ఆదోని,
అక్టోబరు 8.

తాతకు,

ఈశ్వరి నమస్కారాలు. క్షేమంగా చేరాను. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. కోడుమూరు వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ నా ఒళ్ళో పత్తి మూట పెట్టి నిద్రపోయింది. దారి పొడుగునా చేలు తెల్లగా పగిలి ఉన్నాయి. ‘పగిలిన చేలు’ అని రాస్తే ఎండినవి అనుకుంటారు, పత్తి పగిలితే పండినట్టు. ఈ మాట గురించి ఒక పేజీ రాయొచ్చు. ఇంకోసారి రాస్తాను.

బోర్డులు తొమ్మిది అయ్యాయి. ఏడోది పక్కన పెట్టాను, తర్వాత రాస్తాను.

ఒక సందేహం. రోజూ సాయంత్రం లెక్క చేసేటప్పుడు పిన్నులను చేత్తో తాకి చూస్తారా, లేక దూరం నుంచి చూసి రాస్తారా? బోర్డులో సరిగ్గా రాయాలని అడుగుతున్నాను. వీలైతే నువ్వొకసారి ముక్కు కాలి దగ్గర చెయ్యి పెట్టి చూసి, పిన్ను పట్టుకుంటే ఎట్లా ఉంటుందో నాకు రాయి. చల్లగా ఉంటుందా, గరుకుగా ఉంటుందా? వర్ణనకు కావాలి.

ఈశ్వరి


ఎమ్మిగనూరు,
అక్టోబరు 14.

అమ్మా ఈశ్వరీ,

ఆశీర్వాదాలు. ఉక్కు ఎట్లుంటుందో నీకు తెలియదా? పొద్దున చల్లగా, మధ్యాహ్నం వేడిగా ఉంటుంది. దానికి నేను చెయ్యి పెట్టి చూడాల్నా?

పిన్నులు మూడూ ఉన్నాయి. కొత్త గుడ్డలు మూడూ అంత దూరం నుంచి నిప్పుకణికల మాదిరి కనిపిస్తాన్నాయి. ఆ ఎరుపు వేసిన వనజను మెచ్చుకోవాల. నువ్వు పోయినప్పటి నుంచి లెక్క నేనే చూస్తాన్నాను.

నిన్న జయన్న అందరి ముందరా నా కండ్లు ఎట్లున్నాయని అడిగినాడు. ముప్పై అడుగుల దూరంలో గోడ మీద పోతాన్న తొండను చూపించినా. నోరు మూసుకొని పోయినాడు.

పత్తి బండ్లు వచ్చే కాలమయింది. షెడ్డు తొందరగా ఖాళీ చేయమని మిల్లు ఆసామి అడుగుతాన్నాడు. పదో తేదీకి ఇచ్చేస్తామని చెప్పినా. పద్నాలుగున బాలల దినోత్సవానికి బడిపిల్లలందరూ మైదానంలో విమానం చూడాల. నువ్వు బోర్డుల మీద మనసు పెట్టు, పిన్నుల మీద కాదు.

ఉచ్చీరప్ప

తా.క. పెన్ను ఇంకా మార్చలేదు.


ఆదోని,
అక్టోబరు 19.

తాతా,

నీ ఉత్తరంలో పేజీకి ఎనిమిది వరసలే ఉన్నాయి. కిందటిసారి పన్నెండు ఉన్నాయి. పెన్ను ఎంత లావైనా వరసలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కవు తాతా. ‘తొండ’ దగ్గర నీ అక్షరం పై వరసలోకి పోయి కూర్చుంది. నీ కండ్లు నిజంగా బాగున్నాయా? జయన్న సార్‌కు చెప్పినట్టు నాకు చెప్పొద్దు.

నేనూ నిన్ను ఒకటి అడుగుతాను, ఎందుకని అడగకుండా చెయ్యి. తొమ్మిదో తేదీ నేను వచ్చేదాకా ముక్కు కింద దిమ్మె తీయనివ్వొద్దు. ఎవరు తొందరపెట్టినా సరే. బడే సాబ్ తాతను ఆ కింద పడుకోనివ్వొద్దు. మాట ఇస్తావా? వారం రోజుల నుంచి పుస్తకం తెరిస్తే అక్షరాలు కనిపించడం లేదు, ఆ దిమ్మె కనిపిస్తోంది. నిన్న తెలుగు పీరియడ్‌లో మేడమ్ నా పేరు రెండుసార్లు పిలిచిందట. ముస్రత్ గిల్లితే లేచి నిలబడ్డాను.

గుడ్డను చూడొద్దు తాతా. చెయ్యి పెట్టి చూడు. ఇంతకంటే నేను రాయలేను.

ఈశ్వరి


ఎమ్మిగనూరు,
అక్టోబరు 27.

అమ్మా ఈశ్వరీ,

ఆశీర్వాదాలు. నువ్వు అంత భయపడే పనేమీ లేదు. చదువు ఎక్కువయి అట్ల అనిపిస్తాది.

సంగతి ఏమంటే, తేదీ ముందుకు వచ్చింది. నవంబరు మొదటి వారంలో వానలంట. షెడ్డుకూ మైదానానికీ నడుమ అంతా నల్లరేగడే కదా. తడిస్తే ట్రాక్టరు ఇరుసు దాకా దిగబడుతుంది, మళ్ళీ నెల రోజులు కదలదు. అందుకని ఈ శుక్రవారం, 31న, పదిన్నరకు లాగుతాం. మిల్లు ఆసామి ట్రాక్టరు ఇస్తాన్నాడు. జయన్న బడిపిల్లల బ్యాండు కూడా మాట్లాడినాడు. పిల్లలను గీత అవతల నిలబెట్టమని నేను గట్టిగా చెప్పినా.

నువ్వు లేకుండా లాగుతాన్నందుకు కోపం చేసుకోవద్దు. మైదానంలో దాన్ని చూద్దువులే.

ఉచ్చీరప్ప


ఆదోని,
అక్టోబరు 31, ఉదయం 8.50.

తాతా,

నీ ఉత్తరం నిన్ననే వచ్చిందట. ఆఫీసులో పెట్టుకుని ఇప్పుడు టిఫిన్ దగ్గర ఇచ్చారు. చదివి వార్డెన్ గదికి పరుగెత్తాను. నీ ఫోన్ నాలుగుసార్లు మోగి ఆగిపోయింది. గంపలో ఉంటుంది. అందరి ఫోన్లూ గంపలోనే ఉంటాయి. మన పద్ధతి.

ముక్కు కాలి పిన్ను నా దగ్గర ఉండిపోయింది, ఈ కవరులోనే పెట్టాను. కాలికి ఉన్నది ఉత్త గుడ్డ. పూజ రోజు నేనే తీశాను. అక్టోబరు ఆరున రాసి దాచుకున్న ఉత్తరం కూడా ఇందులో పెట్టాను, అంతా అందులో ఉంది. ఇప్పుడు చదవొద్దు. ముందు దిమ్మె దగ్గర నుంచి బడే సాబ్ తాతను లేపు.

ముస్రత్ వాళ్ళన్న అర్షద్ ఆమెను గేటు దగ్గర దింపి ఇంకా పోలేదు. ఆయన చేతికి ఈ కవరు ఇస్తున్నాను. లోపల ఏముందో చెప్పలేదు. చెబితే ఆయన మిల్లు గేటు దగ్గరే అందరితో అనేస్తాడు, జయన్న సార్ చెవిన పడుతుంది. ‘లాగక ముందే మా తాత చేతిలో పెట్టు, ఇంకెవరికీ ఇవ్వొద్దు’ అని మాత్రం చెప్పాను.

తాతా, నన్ను ఏమైనా అను. ముందు ఆయన్ను లేపు.


ఎమ్మిగనూరు,
నవంబరు 2.

ఈశ్వరికి,

ఈ ఉత్తరం వనజ రాస్తాంది, నేను చెప్తాండాను. నీ ఉత్తరాలన్నీ నాకు చదివి వినిపించింది కూడా వనజే. నాకు ఏడాది నుంచి కండ్లకు పొర అడ్డమొస్తాంది. దూరంగా ఉండే రంగు తెలుస్తాది, దగ్గర ఉండే అక్షరం తెలీదు. ఆ తొండ గోడ మీద రోజూ అదే వేళకు వస్తాది, అందుకే చూపించినా.

(నేను వనజత్తను. ఆ తొండ కథ నాకు కూడా ఇప్పుడే తెలిసింది.)

ఏం జరిగిందో చెప్తా విను. ట్రాక్టరుకు ఇనుప కడ్డీ తగిలించినాం. రెండు రెక్కలకు తాళ్ళు కట్టి ఇటు ఐదుగురు, అటు ఐదుగురు పట్టుకున్నారు. వనజ ఎడమ రెక్క కాడ. బడే సాబ్ సమ్మెట తీసుకొని ముక్కు కిందికి దూరి పడుకున్నాడు. బ్యాండు పిల్లలు అప్పుడే మొదలుపెట్టినారు. నేను చెయ్యి పైకెత్తి నిలబడినా. నేను చెయ్యి దించితే ఆయన దిమ్మెను కొట్టాల.

అప్పుడు ఒక పిల్లోడు చెమటలు కారతా వచ్చి నా రెండో చేతిలో కవరు పెట్టినాడు. "మీ మనవరాలు ఇచ్చింది, ఇప్పుడే చూడాలంట" అన్నాడు. జయన్న వెనక నుంచి "ఉత్తరాలు సాయంత్రం చదువుకోండి సార్, పిల్లోళ్ళు ఎండలో ఉన్నారు" అని కేక పెట్టినాడు. నేనూ అదే అనుకున్నా. చదవాలంటే వనజ కావాల, వనజ తాడు వదలకూడదు. ఎవురినన్నా చదవమంటే నా కండ్ల సంగతి తెలిసిపోతాది. మడిచి జేబులో వేసుకుందామని చెయ్యి పోనిస్తే జేబు లేదు. కుట్టేసి ఉంది కదా.

అందుకని చేతిలోనే పట్టుకున్నా. పట్టుకుంటే కాగితం లోపల ఉంగరం తగిలింది. ఉంగరం కింద బొటనవేలంత లావు, నడుమ చిన్న గాడి. ఇరవై ఆరేళ్ళు పొద్దునా సాయంత్రమూ నా చేతిలో పడిన సామాను. కవరు విప్పలేదు. చదవనూ లేదు.

ఎత్తిన చెయ్యి దించితే ఆయన కొడతాడు. దించకుండానే అరిచినా. "బడే సాబ్, సమ్మెట ఆడనే పెట్టి బయటికి రాప్పా" అని. బ్యాండులో ఆయనకు వినపడలేదు. ట్రాక్టరు ఆపమని ఇంగోసారి అరిచినా. ట్రాక్టరు మీద ఉన్నోడు విని ఇంజను ఆపినాడు. వనజ తాడు ఇడిచిపెట్టి పోయి ఆయన కాళ్ళు పట్టుకొని ఈడ్చింది.

(నిజంగానే ఈడ్చినాను. ఆయన "ఏం మే వనజా, పెండ్లి కాని మొగోడిని ఈడ్చినట్టు ఈడుస్తావు" అన్నాడు. ఆయనకు ఐదుగురు మనవళ్ళు.)

అందరి ముందరా ముక్కు కాలి కాడికి పోయి, గుడ్డ పైకెత్తి చెయ్యి పెట్టినా. ఉత్త రంధ్రం. పిన్ను తీసి గుచ్చబోతే పోలేదు. రెండు రంధ్రాలూ ఎదురెదురుగా ఉండాల. అర వేలు మందం పక్కకు జరిగి ఉన్నాయి. అంటే కాలు అప్పటికే మడుచుకోవడం మొదలుపెట్టింది. దిమ్మె ఒక్కటే దాన్ని పట్టుకొని ఉంది. బడే సాబ్ ఆ సందులో వేలు పెట్టి చూసుకున్నాడు. జాకీ పెట్టి ముక్కు పైకెత్తి, రంధ్రాలు కలిసినాక గుచ్చినాం. ఒంటిగంటకు విమానం మైదానం చేరింది.

ఆ పిన్ను యాడ ఉండిందని జయన్న అడిగినాడు. నా మనవరాలి పెట్టెలో అని చెప్పినా. లెక్క ఎట్ల తప్పిందని అడిగినాడు. నా కండ్ల సంగతి చెప్పినా. "ఇంక మీరు సంతకం పెట్టొద్దు సార్" అన్నాడు. ఆయన అన్నది న్యాయమే. రిజిస్టరు బడే సాబ్‌కు ఇచ్చినా. కండ్ల ఆపరేషనుకు వచ్చే సోమవారం కర్నూలు పోతాండా.

ఇప్పుడు నీ సంగతి. పిన్ను తీసింది పొరపాటు. మరిచిపోయింది పొరపాటు. దానికి నాకు కోపం లేదు. ఇరవై ఐదు రోజులు అది నీ పెట్టెలో ఉందని తెలిసి, ‘చల్లగా ఉంటుందా, గరుకుగా ఉంటుందా’ అని నాకు రాసినావు చూడు, ఆ మాటకు కోపం ఉంది. అది ఇంకా పోలేదు. నా మీద నాకు కూడా అంతే ఉంది. ‘చెయ్యి పెట్టి చూడు’ అని నువ్వు రాసింది వనజ చదివింది. వినీ నేను పోలేదు. తడుముకుంటా పోతే నలుగురూ చూస్తారని. నువ్వు నన్ను కాపాడాలని దాచినావు, నేను నన్ను కాపాడుకోవాలని దాచినా. ఇద్దరమూ కలిసి బడే సాబ్‌ను ఆ కింద పడుకోబెట్టినాం.

నెల రోజులు మనం గుడ్డలను లెక్కపెట్టినాం.

బడే సాబ్ నీకు ఒక మాట చెప్పమన్నాడు. "వచ్చే పూజకు నా సమ్మెట కూడా ఎత్తుకొని పొమ్మను, నాకూ ఒక నెల సెలవు దొరుకుతాది" అన్నాడు. ఆయన నవ్వినాడు. నేను నవ్వలేకపోయినా.

ఏడో బోర్డు ఇంకా రాలేదు. రాసి పంపు.

ఉచ్చీరప్ప
(వేలిముద్ర కాదు, సంతకమే. చెయ్యి పట్టుకుని పెట్టించాను. వనజ)


ఆదోని,
నవంబరు 6.

తాతకు, బడే సాబ్ తాతకు, వనజత్తకు,

ఈ ఉత్తరం ముగ్గురి ముందూ చదవమని వనజత్తను అడుగుతున్నాను.

తాతా, నువ్వు కోపం ఉందని రాసిన వాక్యం పదిసార్లు చదివాను. నీకు రాసిన వర్ణన మాటలు నావే. వాటిని చదువుకుంటే ఇప్పుడు ఎవరివోలా ఉన్నాయి. అందంగా ఉన్నాయి, అదే నాకు భయంగా ఉంది. బడే సాబ్ తాతా, మీరు ఆ కింద పడుకుంటారని నాకు ప్రతిరోజూ తెలుసు. తెలిసీ తొమ్మిదో తేదీ వరకు ఆగవచ్చు అనుకున్నాను. ఆదివారం మీ ఇంటికి వచ్చి ఈ మాట మీ ముందు నిలబడి చెబుతాను. మీరు నవ్వి ఊరుకోవద్దు.

అర్షద్ అన్నకు కూడా అంతా చెప్పాను. ఆయన బండి తాళం చెవి చేతిలో తిప్పుతూ, "ముందే చెప్పింటే గేటు కాడి నుంచే అరుస్తా వచ్చేటోణ్ణి గదమ్మా" అన్నాడు.

ఏడో బోర్డుకు సెప్టెంబరులో ఒక చిత్తు రాసుకున్నాను. ‘ఆకాశాన్ని ఏలిన లోహపక్షి పాదాలకు ఉక్కు అందెలు’ అని మొదలవుతుంది. ఆ రోజు దాన్ని ముస్రత్‌కు మూడుసార్లు చదివి వినిపించాను. ఇప్పుడు కొట్టేశాను. కింద రాసినదే బోర్డు. జయన్న సార్ ఒప్పుకోకపోతే పేర్లు మాత్రం తీయొద్దని నా మాటగా చెప్పండి. దీన్ని ముక్కు కాలి పక్కన, బడిపిల్లల కంటికి అందే ఎత్తులో పెట్టండి.

    ముక్కు కాలి పిన్ను.
    నేల మీద ఉన్న విమానం కాలు మడుచుకోకుండా ఇది ఆపుతుంది.
    ఈ ఏడాది అక్టోబరు 1 నుంచి 31 వరకు ఇది తన చోట లేదు.
    దాని ఎర్ర గుడ్డ ఉంది.
    తీసినది, లెక్క రాసినది: ఈశ్వరి. సంతకం: ఉచ్చీరప్ప.
    దిమ్మె కింద పడుకున్నది: బడే సాబ్.
    గుడ్డ పైకెత్తి చూడండి.